లాతై ఒప్పుకున్న తప్పు

శనివారం పొద్దున హింగానో సీమపనస ముక్కలు పొయ్యి మీద పెట్టి కొబ్బరిపాలు పిండుతూ ఉండగా వాకిట్లోంచి ఆడపడుచు లేసియేలి గొంతు వినిపించింది. ఆ గొంతు అలా లేచిందంటే ఇంట్లో ఎవరికో మూడిందన్నమాటే.

"ఎక్కడే ఆ లాతై? రమ్మను దాన్ని!"

లోపలికి వచ్చిన లేసియేలి చేతుల్లో తాతమ్మ కాలం నాటి మొగలాకు చాప ఉంది. పెళ్లికైనా చావుకైనా ఆ ఇంటివాళ్లు నడుముకి చుట్టుకునే చాప. రాత్రి వానకి నాని, అంచు చీలి, నీళ్లు కారుతోంది. వచ్చే వారమే బంధువులింట్లో పెళ్లి.

"ఎండలో వేసి మర్చిపోయింది. ఆ పేరుగలది ఇంకేం చేస్తుంది?"

హింగానో కూతురు, పదహారేళ్ల లాతై వచ్చి అత్త ముందు కింద కూర్చుని తల వంచుకుంది. ఆ పేరు పెట్టింది అత్తే. టోంగా దేశంలోని ఆ వవావు దీవిలో తమ్ముడి బిడ్డకు పేరు పెట్టే హక్కు మేనత్తది, ఆమె మాటకు ఎదురుండదు. చనిపోయిన తన చెల్లెలి పేరు తెచ్చి పెట్టింది. ఆ రోజు నుంచీ పిల్ల కప్పు పగలగొడితే "అచ్చం ఆ లాతైయే" అన్నారు. చర్చిలో పాటకి ఆలస్యంగా వెళ్తే "అచ్చం ఆ లాతైయే" అన్నారు. చక్కగా బుట్ట అల్లి తెచ్చిననాడు మాత్రం ఎవరూ ఏమీ అనలేదు.

"మంగళవారం పడవకి దీన్ని నియువా దీవికి పంపేయండి. మా బాబాయి దగ్గరుంటే బుద్ధొస్తుంది. చదువూ వద్దు, గిదువూ వద్దు," అంది లేసియేలి.

హింగానో చేతిలో కొబ్బరి పిప్పి అలాగే ఉండిపోయింది.

"పెద్ద లాతైని పంపింది కూడా ఆ దీవికే కదా వదినా. తిరిగొచ్చిందా?"

"నోరు జాగ్రత్త!"

"ఇన్నేళ్లూ జాగ్రత్తగానే ఉన్నాను. పేరు పెట్టేనాటికి దీనికి కళ్లే సరిగ్గా తెరుచుకోలేదు. ఏం చూసి మతిమరుపుదని తేల్చారు? నేను కన్నది ఒక పిల్లని. మీరు పోయినావిడని తెచ్చి దాని వీపు మీద ఎక్కించారు!"

"మా రక్తం సంగతి మాకు తెలీదా?"

"మీ తమ్ముడిదీ మీ రక్తమే. ఆయన పడవని ఒడ్డున తాడుతో కట్టడం మర్చిపోయి అది సముద్రంలోకి కొట్టుకుపోతే అందరూ నవ్వారు. పాపం అలసిపోయాడన్నారు!"

హింగానో భర్త కితియోనె బయట మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. అక్క ఉన్న గదిలోకి తమ్ముడు రాకపోవడం అక్కడి మర్యాద. ఆ మర్యాద చాటున ఇంతసేపూ నోరు మెదపలేదు.

హింగానో కూతురి గడ్డం పట్టి పైకెత్తింది. "నువ్వు చెప్పు. చాప నువ్వు వేశావా?"

"వేసినట్టు గుర్తులేదమ్మా. కానీ నేనే అయ్యుంటాను. నేను అలాంటిదాన్నే కదా. క్షమించత్తా, పడవెక్కుతాను."

కంట్లో తడి కూడా లేకుండా అంది.

మెట్టు మీద నుంచి కితియోనె గొంతు వచ్చింది. "అది కాదక్కా. పెళ్లికని నేనే తీసి ఎండలో వేశాను. వేసి చేమతోటకి వెళ్లిపోయాను."

హింగానో అతని మీదికి తిరిగింది. "కూతుర్ని పడవెక్కిస్తుంటే వింటూ కూర్చున్నావా?"

"అక్క మాట కాదనలేక... రెండు తిట్లు తిని ఊరుకుంటుందనుకున్నా."

"రెండు తిట్లా! పుట్టినప్పటి నుంచీ తింటూనే ఉంది!"

లేసియేలి వాళ్లిద్దరినీ వినడం లేదు. మేనకోడలినే చూస్తోంది.

"చెయ్యనిది చేశానని ఎందుకు ఒప్పుకున్నావే?"

"అందరూ అంటారు కదత్తా. నా సంగతి నాకంటే మీకే బాగా తెలుసనుకున్నా."

లేసియేలి చాప పక్కన పెట్టి మేనకోడలి ముందు కూర్చుంది.

"మా చెల్లెలూ ఇంతే. ఏదడిగినా నేనేనక్కా అనేది. నాకు విసుగొచ్చేది. అందులో నిజంగా అది చేసిన తప్పులెన్నో ఒక్కనాడూ అడగలేదు హింగానో. పడవెక్కుతూ కూడా నాకు క్షమాపణే చెప్పింది."

ఆమె చేతులతోనే మొహం తుడుచుకుంది. హింగానోకి జాలేసింది. కోపం మాత్రం పోలేదు.

లేసియేలి పిల్ల చేతులు పట్టుకుంది. "నువ్వెక్కడికీ పోవద్దు. అసలు నువ్వెలాంటిదానివే, తల్లీ?"

"తెలీదత్తా," అంది లాతై. అప్పుడు ఏడ్చింది.

"తెలుసుకుంటుంది," అంది హింగానో, కూతుర్ని దగ్గరికి లాక్కుంటూ. "ఈలోగా నువ్వు ఇలాంటిదానివని ఎవరూ దానికి చెప్పకండి."