నవ్వాక వెళ్లే ద్వారం

అప్పలరాజు దిండు గలీబు ఒకదాన్ని మెడకు టైలా చుట్టుకుని, పొట్ట ముందుకు తోసుకుంటూ, ఉతికిన దుప్పట్ల బీరువాల మధ్య పచార్లు చేశాడు. ఉన్నట్టుండి ఆగి, గదిలో లేని లిఫ్టు వైపు వేలు చూపించాడు.

"ఏమయ్యా లిఫ్టూ! నేను రాకుండానే మూసుకుపోతావా? సంజాయిషీ రాసివ్వు! కింది అంతస్తుక్కూడా ఓ కాపీ పంపు!"

అచ్చం పై అంతస్తులో ఉండే మాపనాధికారి రంగనాయకులు గొంతే. చంద్రకళ కడుపు పట్టుకుని దుప్పట్ల మూట మీద కూలబడింది. సువార్త పెద్ద సిస్టరు కాబట్టి కాస్త గంభీరంగా ఉందామనుకుంది గాని, లిఫ్టు సంజాయిషీ రాయడం తలుచుకునేసరికి ఆమెకీ కళ్లమ్మట నీళ్లొచ్చాయి.

"చాల్లే చాల్లే, పదండి. వేడి మీదుండగానే వెళ్లొద్దాం" అంది కళ్లు తుడుచుకుంటూ.

ఇది ప్రతి శుక్రవారం ఉండే తంతే. ఆసుపత్రులు నడిపే ప్రాణధాత్రి మహాసంస్థ వారికి ఉద్యోగుల అభిప్రాయాలంటే ఎంత మక్కువో! పూర్వం అడిగేవారట, కాగితాల మీద రాయించుకునేవారట. నోరు అబద్ధమాడుతుందని తెలిశాక నోటిని వదిలేసి నేరుగా నెత్తురునే అడగడం మొదలుపెట్టారు. మణికట్టు మీది కడియాన్ని అభిప్రాయ ద్వారానికి ఆనిస్తే చాలు, సంస్థలో పనిచేయడం ఎలా ఉందో ఒళ్లే చెప్పేస్తుంది, ఎంత తృప్తిగా ఉన్నారో తేల్చే తృప్తాంకం నమోదైపోతుంది. నెత్తుటికి నటన రాదని వాళ్ల ధీమా. నెత్తుటికి నవ్వొస్తుందని మాత్రం వాళ్లకు తట్టలేదు పాపం. కడుపారా నవ్వి, ఆ నవ్వు ఒంట్లో ఉండగానే ద్వారం దాటితే అంకం అదిరిపోతుందని కనిపెట్టినవాడు అప్పలరాజు. పడకలు తుడిచే మనిషి.

అంకం తగ్గితే ఏమవుతుందో అందరికీ తెలుసు. లాండ్రీలో చేసే మంగతాయారుకి నిరుడు సంస్థవారు 'విశ్రాంతి' ఇచ్చారు. కడియం కోసి పంపేశారు. కడియం తీసిన మణికట్టు మీద తెల్లటి పట్టీలా మచ్చ మిగులుతుంది. అది చూశాక ఆ ఊళ్లో ఎవరూ పనిలోకి రానివ్వరు.

సముద్రం ముందుకు జరిగి కాకినాడ వెనక్కి జరిగాక, ఉప్పునీళ్లు తాగి మూత్రపిండాలు పాడవని ఇల్లు లేదు. యంత్రాలతో నెత్తురు వడకట్టే రక్తశోధన విభాగంలో పడకలు పెరిగాయి. మనుషులు మాత్రం తగ్గుతూ వచ్చారు. నలుగురు నర్సులుండే చోట ఇప్పుడు సువార్త, చంద్రకళ మిగిలారు. సూది గుచ్చడానికి యంత్రహస్తం ఉంది, లెక్కలు చూడ్డానికి యంత్రం ఉంది. కానీ సూది జారితే నొక్కి పట్టడానికి మనిషే కావాలి. మొన్న జారింది. డ్రాయింగు మాస్టారు వీర్రాజుగారి చేతిలోంచి సూది ఊడి వచ్చినప్పుడు సువార్త అవతలి చివర మరో మనిషికి వాంతి పడుతోంది. చంద్రకళ ఒక్క దూకు దూకి ఆయన చెయ్యి అదిమి పట్టుకుంది. దుప్పటి, నేల, చంద్రకళ చెప్పులు, అంతా నెత్తురే. మాస్టారు బతికారు. ఆ పిల్ల లేకపోయుంటే అన్న ఆలోచన వచ్చినప్పుడల్లా సువార్తకి ముద్ద దిగడం లేదు.

ముగ్గురూ నవ్వుకుంటూ నడవలోకి వచ్చేసరికి రంగనాయకులు పూలగుత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. అప్పలరాజు మెడలోని గలీబు గబుక్కున లాగేసుకున్నాడు. ఒకప్పుడు రంగనాయకులూ, సువార్తా ఒకే బ్యాచిలో నర్సు శిక్షణ పొందినవాళ్లు. అతను పై అంతస్తుకి వెళ్లాడు, ఆమె పడకల దగ్గరే ఉండిపోయింది.

"సువార్తా, అభినందనలు! అన్ని శాఖల్లోకీ మీ విభాగమే ప్రథమం. ఇంత తృప్తిగా ఉన్న సిబ్బంది ఇంకెక్కడా లేరట!"

"సంతోషమండీ" అంది సువార్త పూలందుకుంటూ.

"ఇంకో మాట. ఇంత హాయిగా నడుస్తున్న విభాగంలో మనుషులు ఎక్కువున్నట్టే అని యంత్రాంగం తేల్చింది. సోమవారం నుంచి నువ్వొక్కదానివే చూసుకోవాలి. చంద్రకళని ఇంకో శాఖకి పంపుతున్నారు."

"ఒక్కదాన్నా? మొన్న వీర్రాజు మాస్టారి సంగతి మీకు తెలీదా రంగనాయకులు గారూ? రెండు చోట్ల ఒకేసారి సూది జారితే నేనెవరి చెయ్యి పట్టుకోవాలి, ఎవర్ని వదిలెయ్యాలి?"

"నాకు చెప్పి ఏం లాభం? నేను అంకాలు చదివేవాణ్ణి. ద్వారానికి మీరేం చెబితే యంత్రాంగం అదే నమ్ముతుంది. భారం పెరిగిన ప్రతిసారీ మీ అంకం తగ్గకుండా పెరుగుతూనే ఉంది. మరి దాన్నేమనుకోమంటావు?"

మనుషులు తగ్గినకొద్దీ వీళ్లకు భయమేసింది. భయమేసినకొద్దీ ఇంకా గట్టిగా నవ్వి వచ్చారు. ఆ నవ్వే ఒక్కొక్కర్నీ విభాగంలోంచి బయటికి పంపుతూ వచ్చింది. ఎంత పిచ్చి పని చేశాం దేవుడా అనుకుంది సువార్త.

"సిస్టరమ్మా, ఆ కబురుతో నవ్వంతా చల్లారిపోనాది" అన్నాడు అప్పలరాజు చెవి దగ్గరకొచ్చి. "మళ్లీ గదిలోకి రండి, ఇంకోటి చెప్తాను. ఈ మొహంతో ద్వారం దగ్గిరికెళ్తే కొంప మునిగిపోద్దండి."

"వద్దు అప్పలరాజూ."

"ఆయ్, అలాగంటే ఎలాగండి? మంగతాయారు గుర్తులేదా?"

"గుర్తుంది. ఇవాళ మాత్రం వద్దు."

పూలగుత్తి కిటికీలో పెట్టి తిన్నగా ద్వారం దగ్గరికి నడిచింది.

"సువార్త గారికి నమస్కారం. ప్రాణధాత్రిలో పనిచేయడం మీకెలా ఉంది?" అడిగింది ద్వారం, పెళ్లివారిని పలకరించినట్టు.

ఆమె కడియం ఆనించింది. రెప్పపాటులో పచ్చగా వెలగాల్సిన దీపం వెలగలేదు.

"కొలత మీ చరిత్రతో సరిపోలడం లేదు. దయచేసి మళ్లీ ఆనించండి."

మళ్లీ ఆనించింది.

"మీరు అస్వస్థులు. ఉపశమన బిళ్ల స్వీకరిస్తే మళ్లీ కొలుస్తాను." చిన్న పళ్లెం బయటికి వచ్చింది. అందులో గులాబిరంగు బిళ్ల.

"నాకు జబ్బేమీ లేదు. భయంగా ఉంది. అంతమందిని ఒక్కదాన్నే చూడాలంటే ఎవరో ఒకరు నా చేతుల్లో పోతారని భయం. మిమ్మల్ని చూస్తే కోపం. రాసుకో."

"లక్షణాలు నమోదయ్యాయి. వ్యాధి నిర్ధారణ జరుగుతోంది. బిళ్ల స్వీకరించని పక్షంలో మీరు పరిశీలనలో ఉంటారు. రోగులను తాకరాదు."

అద్దం గోడ అవతల పడకల మీద మనుషులు కనిపిస్తున్నారు. వీర్రాజు మాస్టారు అప్పుడే చొక్కా చెయ్యి పైకి మడుచుకుంటున్నారు. మింగేస్తే పోతుంది కదా, లోపలికి పరుగెత్తొచ్చు కదా అనిపించి సువార్త పళ్లెం వైపు చెయ్యి చాపింది కూడా. ఇవాళ మింగితే సోమవారం ఏమిటి? చెయ్యి వెనక్కి తీసుకుని ద్వారం పక్కనున్న పరిశీలన బల్ల మీద కూర్చుంది.

"అక్కా, నేనూ మింగను" అంది చంద్రకళ. పిల్ల తన కడియమూ ఆనించింది, బిళ్ల వదిలేసి వచ్చి పక్కన కూర్చుంది. ఆమె వెనకాల అప్పలరాజు. ఇన్నాళ్లూ అందర్నీ నవ్వించినవాడే, అయినా వాడి అంకం ముగ్గురిలోకీ తక్కువ పడింది. చంద్రకళ అది చూసి వాడి మొహంలోకి చూడలేక తల దించుకుంది.

"ఒకే విభాగంలో ముగ్గురు అస్వస్థులు. అంటువ్యాధి అనుమానం" అంది ద్వారం. గొంతులో ఆ పెళ్లిసందడి లేదు. "మనిషి లేకుండా రక్తశోధన జరగరాదు. సమీపంలో అర్హత గల సిబ్బందిని పిలుస్తున్నాను."

మోగింది రంగనాయకులు కడియం.

"నేనా? నేను సూది ముట్టుకుని ఎన్నేళ్లయింది! వేరే ఎవరినైనా..." అన్నాడు ద్వారంతో.

"మీ అర్హత చెల్లుబాటులో ఉంది. సంతృప్తిలో ప్రథమంగా ఉన్న విభాగానికి ఒక్కరు సరిపోతారు."

అది అతను పొద్దున్నే సంతకం చేసిన తీర్మానంలోని మాటే. కోటు విప్పి, చేతులు కడుక్కుని లోపలికి వెళ్లాడు.

కాసేపు బాగానే గడిచింది. పడక పడకకీ తిరిగాడు, యంత్రాలు చూశాడు, ఒకావిడ నీళ్లడిగితే తెచ్చిచ్చాడు. ఇంకొకావిడకి కళ్లు తిరిగితే కాళ్లు ఎత్తిపెట్టడానికి వంగాడు. సరిగ్గా అప్పుడే అవతలి చివర సూది ఊడిందని వీర్రాజు మాస్టారి యంత్రం కూసింది. రంగనాయకులు తల తిప్పాడు. ఆవిణ్ణి వదలాలో, మాస్టారి దగ్గరికి ఉరకాలో తేలక నిలువునా కొయ్యబారిపోయాడు.

సువార్త అద్దం మీద రెండు చేతులతో బాదింది. "రంగనాయకులూ! ఆవిణ్ణి వదిలెయ్, పడుకోబెట్టి పరుగెత్తు! పంపు ఆపు! గొట్టానికి క్లాంపు వెయ్యి! గాజుగుడ్డతో అదిమి పట్టు, అదుముతూనే ఉండు, తియ్యకు!"

అతను పరుగెత్తాడు. పంపు ఆపాడు. క్లాంపు చేతిలోంచి జారిపడింది. వంగి తీశాడు, మళ్లీ వేశాడు, మాస్టారి చెయ్యి అదిమి పట్టుకున్నాడు. అవతల ఆవిడ ఒక్కతే మంచం మీద మూలుగుతోంది. ఇద్దరి మధ్యా అతని చూపు అటూ ఇటూ కొట్టుకుంది. అరవబోయాడు గాని, పిలవడానికి ఎవరూ లేరు. సువార్త అద్దానికి నుదురానించి నిలబడిపోయింది. ఇంతకాలం ఈ నరకాన్ని నవ్వుతూ మోసింది తామేనని ఆమెకి ఇప్పుడు బయటినుంచి చూస్తే తెలిసింది. ఏడుపు ఆగలేదు.

ఎలాగో నెత్తురు కట్టింది. ఆవిడా తేరుకుంది. మాస్టారు రెండో చేత్తో రంగనాయకులు భుజం తట్టి ఏదో అన్నారు.

షిఫ్టు ముగిశాక అతను బయటికొచ్చాడు. తెల్లచొక్కా మోచేతి దాకా తడిసి ఉంది. ముగ్గురి ముందుకూ వచ్చి నిలబడ్డాడు. శుక్రవారమే కదా, ద్వారం అతన్నీ వదల్లేదు.

"రంగనాయకులు గారికి నమస్కారం. ప్రాణధాత్రిలో పనిచేయడం మీకెలా ఉంది?"

అతని కడియం చెయ్యి సగంలో ఆగింది. పై అంతస్తు వాళ్లకీ విశ్రాంతి ఉంటుంది. ఆ సంగతి అతని కంటే బాగా తెలిసినవాళ్లు లేరు.

అప్పలరాజుకి జాలేసింది. లేచి నిలబడి, "సారూ, ఓ మాట చెప్పమంటారా? గదిలోకొస్తే నవ్విస్తానండి. దాటేస్తారు" అన్నాడు మెల్లగా.

రంగనాయకులు వాడి వైపు చూశాడు, ఆ తర్వాత సువార్త వైపు చూశాడు.

"వద్దులే అప్పలరాజూ" అని, నెత్తురు చేతిని అలాగే ద్వారానికి ఆనించాడు.