కాటుక పట్టీ

వినీల కడుపు మాట్లాడితే ఇల్లంతా పని మానుకుని వినేది. వినీల మాట్లాడితే మాత్రం ఎవరి పని వాళ్ళు చేసుకునేవాళ్ళు.

అది రెండువేల డెబ్బై మూడు. పల్నాట కాలవలన్నిటి మీదా సౌరఫలకాల కప్పులు పడి, నాట్లూ కోతలూ యంత్రాల చేతికి పోయి పాతికేళ్ళు దాటింది. ఆ కాలంలో ప్రతి చూలాలికీ మూడో నెల నిండగానే చూలు పట్టీ కట్టేవారు. కాగితాల్లో దాని పేరు గర్భశ్రవణి. నాలుగు వేళ్ళ వెడల్పున మెత్తగా పొట్ట చుట్టూ అతుక్కుని ఉండేది. అతిధ్వని తరంగాలతో లోపలి బిడ్డ గుండెనీ, కదలికనీ, బిడ్డకందే ఆక్సిజన్‌నీ కొలిచి, వాటిని పసిపిల్ల గొంతుతో మాటల్లోకి మార్చేది. ఆసుపత్రి బండి ఆ పట్టీ పిలిస్తేనే వచ్చేది. ఆడవాళ్ళు ఉత్తుత్తి భయాలతో పిలుస్తున్నారని, వాళ్ళు పిలిస్తే రావడం మాన్పించారు.

వినీలకి ఎనిమిదో నెల. తొలిచూలు. తల్లి లేని పిల్ల కాబట్టి పుట్టింటి పురుడు లేదు, పురుటి మూట తనే కట్టుకుంటోంది. వసారాలో కూర్చుని పొత్తిగుడ్డల కోసం పాత నేత చీర చించుతుంటే అంచు రెండుగా కనబడింది. కళ్ళు నులుముకుని చూసింది. మళ్ళీ రెండే.

"అత్తమ్మా, నాలుగు రోజుల నుంచీ తల పగిలిపోతందని చెబుతున్నాగా. ఇయ్యాల చూపు కూడా చెదురుతంది."

మిరపకాయలు తొడిమలు తీస్తున్న వెంగమ్మ కోడలి మొహం వంక చూడలేదు. వంగి పొట్టతో మాట్లాడింది.

"ఏం నాయనా, ఎట్టా ఉండావు?"

"బాగున్నాను నాయనమ్మా" అంది పట్టీ.

"ఇన్నావుగా. లోపలోడు బాగుంటే పైదానికేం రోగం? తలనొప్పి రాకుండా, కాళ్ళు వాయకుండా కన్నామా మేము?"

శివాజీ గొడ్లపాకలోంచి వచ్చాడు. మొగుడికి మొహం చూపించింది వినీల. "ఎట్టా ఉబ్బిందో చూడయ్యా."

"చూలాలి మొహం నిండుగా ఉంటేనే కళ" అని నవ్వి, పొట్ట మీద చెయ్యి వేశాడు. "పొలానికెళ్ళొస్తా నాన్నా" అని పొట్టకే చెప్పి వెళ్ళాడు.

వినీల పట్టీల కేంద్రానికి ఫోన్ చేసింది. మాలవిక అనే ఇంజనీరు పలికింది.

"మీ పట్టీ ఇక్కడ పచ్చ లైటే చూపిస్తోంది మేడమ్. బిడ్డకి ఏ ఇబ్బందీ లేదు."

"ఇబ్బంది నాకండీ."

"తల్లి రక్తపోటు కొలిచే సెన్సర్ అందులో పెట్టలేదు మేడమ్."

"మా గేదె పట్టీ కొలుస్తుందిగా? అదీ మీరు చేసిందేగా?"

"గేదెకి నోరు లేదు కదండీ. అందుకని దానికి అన్నీ పెట్టాం. మీరు నోటితో చెప్పుకోగలరు కదా అని…"

వినీల ఫోన్ పెట్టేసింది. చేతిలో ఉన్న గుడ్డని ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్క లాగున చించింది. పొత్తిగుడ్డకి పనికిరానంత సన్నగా చిరిగింది.

ఆ ఇంటి గేదె పేరు కాటుక. పాలన్నీ ఫ్యాక్టరీ తొట్లలో తయారయ్యే ఆ రోజుల్లో పొదుగు పాలిచ్చే గేదెలు పదిహేనూళ్ళకి నలభై కూడా లేవు. కాటుకా ఇప్పుడు కడుపుతోనే, సూడితో ఉంది. పశువులకి తోక మొదట్లో నాడి దొరుకుతుంది గనక, దాని పట్టీ అక్కడ చుట్టి ఉండేది. జ్వరం, రక్తపోటు, మేత, నెమరు, అన్నీ కనిపెట్టి, తేడా వస్తే పైకి చెప్పేది. మొన్న కాటుక ఒక పూట మేత తగ్గిస్తే శివాజీ అన్నం మానేసి దాని పక్కన కూర్చున్నాడు.

వినీల గోడ పట్టుకుని పాకలోకి నడిచింది. తోక దగ్గర పట్టీ విప్పుతుంటే కాటుక నెమరు ఆపి, వెనక్కి తిరిగి ఆమె మొహంలోకి చూసింది. నాలుగు రోజుల్లో ఆమె మొహంలోకి అట్లా చూసింది అదొక్కటే.

పేడ వాసన కొడుతున్న ఆ పట్టీని వినీల ఎడమ దండచేతికి చుట్టుకుంది. అది బిగిసి, వదిలి, మళ్ళీ బిగిసింది.

"కాటుక రక్తపోటు నూట డెబ్బై నాలుగు, నూట పన్నెండు. ప్రాణాపాయం. యజమానికి, డాక్టరుకి కబురు వెళ్ళింది."

వెంగమ్మ మిరపకాయలు తన్నుకుంటూ పరుగెత్తుకొచ్చింది. "నా తల్లే, ఏమైందే నీకు" అంటూ గేదె మెడ కావలించుకుంది. శివాజీ మోకాళ్ళదాకా బురదతో వచ్చి గేదె కళ్ళు చూశాడు, చెవులు పట్టి చూశాడు. పాక మూల, గడ్డి మీద కూలబడ్డ పెళ్ళాన్ని ఇద్దరూ దాటుకునే వెళ్ళారు.

పది నిమిషాల్లో పశువుల డాక్టరు మస్తాన్ బాషా వ్యాను దిగాడు. కాటుకను చూశాడు. అది తాపీగా నెమరేస్తోంది.

"దీనికేం కాలేదే. పట్టీ ఏదీ?"

"నా దగ్గరుంది డాక్టరుగారూ" అంది వినీల. "ఆ లెక్క నాది."

బాషా చప్పున ఆమె ముందు కూర్చున్నాడు. కాలి మీద వేలితో నొక్కితే పడ్డ గుంట అలాగే ఉండిపోయింది.

"తలనొప్పి ఎన్నాళ్ళ నుంచమ్మా?"

"నాలుగు రోజులు."

"ఇంట్లో చెప్పలా?"

వినీల కళ్ళు అత్త మీదికి వెళ్ళాయి. వెంగమ్మ గొణిగింది, "లోపలోడు బాగానే ఉండాడంటగా…"

"నేను బాగున్నాను" అంది చూలు పట్టీ.

"ఉంటాడమ్మా, ఈమెకి ఫిట్సు వచ్చేదాకా" అన్నాడు బాషా. "వస్తే ఇద్దరూ దక్కరు. శివాజీ, నేను వెనకాల ఈమె దగ్గరుంటా. నువ్వు వ్యాను తోలు. నరసరావుపేట పెద్దాసుపత్రికి నేను ఫోన్ చేస్తా."

గేదెల్ని ఎక్కించే బల్ల మీదుగానే వినీలని ఎక్కించారు. శివాజీ ఆమె మీదికి వంగాడు.

"ఇంతుందని నాతో నోటితో చెప్పొచ్చుగా వినీలా."

ఆమె అతని వంక చూసింది. ఆ చూపుకి తట్టుకోలేక అతను వెళ్ళి స్టీరింగు పట్టుకున్నాడు.

బాషా ఆమె దండ మీది పట్టీ విప్పబోయాడు.

"ఇదెందుకమ్మా ఇంక, నేనున్నాగా."

వినీల కుడిచేత్తో దాన్ని గట్టిగా అదిమి పట్టుకుంది.

"ఉండనీయండి డాక్టరుగారూ. దారిలో నాకేమన్నా అయితే ఆయనకి తెలియాలిగా."

వ్యాను కదిలింది. "కాటుకకు ప్రాణాపాయం" అని పట్టీ అంటూనే ఉంది. అన్నప్పుడల్లా శివాజీ ఇంకాస్త వేగం పెంచాడు.