నిద్రపోని ఫోన్లు

మొబైల్ నెట్‌వర్క్ ఇంజనీరుని పట్టపగలు ఒంటిగంటకి లిఫ్టులో కాల్చి చంపారు. ఒంటిగంటన్నరకి ఏజెంట్ గడ్డపార చీఫ్ ముందు నిలబడి ఉన్నాడు.

"జేబులో ఊరికే ఉన్న ఫోన్ కునుకు తీస్తుంది," అన్నాడు చీఫ్. "అప్పుడప్పుడూ లేచి, నాకేమైనా వచ్చిందా అని టవర్‌ని అడిగి మళ్లీ పడుకుంటుంది. అందుకే బ్యాటరీ నిలుస్తుంది. విదేశీ ముఠా మన టవర్లలో దూరి ఏ ఫోన్‌నీ పడుకోనివ్వడం లేదు. నాలుగున్నరకి ఊళ్లో ఫోన్లన్నీ చస్తాయి. ఐదింటికి డ్యామ్ గేట్లు ఎత్తేస్తారు. హెచ్చరిక పంపినా వినే ఫోన్ ఉండదు. ఎనిమిదో తరగతి బుర్రకి ఎక్కిందా?"

"ఎక్కింది సార్. జనానికి ఇప్పుడే చెప్పేస్తే పోలా?"

"పైనుంచి ఆర్డర్ లేదు. నోరు జారనని సంతకం పెట్టు."

గడ్డపార పళ్లు నూరుతూ పెట్టాడు. అతని అక్క ఇల్లు ఏటిగట్టు మీదే.

చచ్చిపోయిన ఇంజనీరు ఫోన్‌ని చీఫ్ గడ్డపార చేతికిచ్చాడు. ఫోన్లను మళ్లీ పడుకోబెట్టే ఆర్డర్ దీన్నుంచే వెళ్లాలి. సిస్టమ్ దాన్ని తీసుకునేది నాలుగింటికి, ఒక్కసారే. బ్యాటరీ పన్నెండు శాతం. ఛార్జర్ పెట్టే చోటు బుల్లెట్ తగిలి పగిలిపోయింది.

"పది సెకన్లకోసారి అది మనకి లొకేషన్ పంపుతుంది. రూలు."

"పది సెకన్లకోసారి లేపితే ఇంకెక్కడి నిద్ర సార్? ముఠా చేసేదీ అదేగా!"

"రూలు రూలే."

నాలుగింటిదాకా ఫోన్ ముఠాకి చిక్కకుండా గడ్డపార ఏసీ మెకానిక్ వేషంలో లాండ్రీలో దాక్కున్నాడు. ఐదు నిమిషాల్లో ఇద్దరు నల్లకళ్లజోళ్లవాళ్లు దిగారు. బస్ డిపోకి పారిపోయాడు. అక్కడికీ వచ్చారు. టైలర్ షాపులో బట్టల చాటుకి దూరాడు. అక్కడికీ! బ్యాటరీ మూడు శాతం.

అప్పుడు వెలిగింది. ఈ లొకేషన్ చూసేది హెడ్డాఫీసులో ఒక్క మనిషే. కమ్యూనికేషన్స్ సెక్షన్ అందగత్తె, అందరూ నెమలి అని పిలిచే ఆఫీసర్.

రూలుని బూతులు తిట్టి ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టేశాడు.

మూడు యాభై ఎనిమిదికి నెమలి ఫోన్లో కసురుకుంటోంది. "చుక్క మాయమైంది. వెతకండ్రా, దద్దమ్మల్లారా!" ఆమె నెత్తిమీద నిచ్చెనెక్కి ఎవడో మెకానిక్ ఏసీ మూత విప్పుతున్నాడు.

సరిగ్గా నాలుగు. మెకానిక్ ఫ్లైట్ మోడ్ తీశాడు. నెమలి స్క్రీన్ మీద ఎర్రచుక్క వెలిగింది, ఆమె కూర్చున్న గదిలోనే. తలెత్తింది. చేతిలో లిప్‌స్టిక్, దాని చివర సన్నటి తుపాకీ గొట్టం.

"నమస్కారం మేడమ్," అని ఆర్నెల్ల దుమ్ము పట్టిన ఫిల్టర్‌ని మొహం మీద బోర్లించాడు గడ్డపార. గుండు సీలింగ్‌లో దిగింది. అతని బొటనవేలు ఆర్డర్ నొక్కింది. ఒక్క శాతం. గిర్రున తిరుగుతోంది, తిరుగుతోంది... 'అందింది' అని వచ్చిన మరుక్షణం ఫోన్ గుడ్లు తేలేసింది.

నెమలికి బేడీలు పడ్డాయి గానీ నోరు విప్పలేదు. ఐదింటికి గేట్లు లేచాయి. ఆ క్షణమే హెచ్చరికతో ఊళ్లో అన్ని ఫోన్లూ ఒక్కసారిగా కుయ్యోమన్నాయి. ఏరు గట్టు దాటేసరికి ఇళ్లలో పురుగు కూడా లేదు.

ఆరింటికి అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్, అంత పెద్దాఫీసులో వెలగబెడుతున్నావు! అక్కకి ముందుగా ఒక్క ముక్క చెప్పడానికి ఏం రోగం?"

గడ్డపార ఎదురుగా కూర్చున్న చీఫ్‌ని చూశాడు.

"ఫోన్లో ఛార్జింగ్ లేదక్కా," అన్నాడు.