మసక అంచులు

ఈత నేర్పే టీచరమ్మకు నోరు పెద్దదని అందరూ అనేవారు. చిన్నప్పట్నుంచీ ఒంటి మీద బొల్లి మచ్చలతో తిరిగిన మనిషికి ఆ నోరైనా లేకపోతే ఎలా? అది అంటుకునే జబ్బు కాదని చెప్పీ చెప్పీ ఆమె నాలుక అరిగింది. అయినా ఈతకొలను మేనేజరు వినలేదు. మచ్చలు పాకడం లేదని డాక్టరు చేత రాయించుకొస్తేనే నీళ్ళలోకి దిగనిస్తానన్నాడు. నీళ్ళు లేని బతుకు ఆమెకు బతుకే కాదు. అందుకే మిట్టమధ్యాహ్నం పూట చర్మవ్యాధుల ఆసుపత్రికి వచ్చి ఫొటోల గదిలో కూర్చుంది.

ఫొటోలు తీసే అక్క నల్ల పరదాలు దించింది. కంట్లో పొడుచుకున్నా కనిపించని చీకటి. స్పిరిట్ వాసన. ఊదారంగు దీపం వెలగగానే మచ్చలన్నీ సున్నం పూసినట్టు మెరిశాయి.

"అంచు గీత గీసినట్టుంటే మచ్చ ఆగినట్టు, మసగ్గా చెదిరితే పాకుతున్నట్టు," అంది అక్క కెమెరా ఆనిస్తూ. "నీవి గీత గీసినట్టే ఉన్నాయి. ఇక మీ మేనేజరు నోరెత్తడు."

"ఎత్తితే నేను మూయిస్తాలే అక్కా."

అక్క నవ్వుతూ వీపు వైపు వెళ్ళింది. నవ్వు ఆగిపోయింది.

"నీ భుజం ఎవరైనా గట్టిగా పట్టుకున్నారా?"

"నన్నెవరు పట్టుకుంటారక్కా? చిల్లర కూడా చేతిలో పెట్టరు. బల్ల మీద పెట్టి జరుపుతారు."

"మరి ఇక్కడ... అయిదు వేళ్ళ అచ్చు. అంచులు మసగ్గా..."

దీపం ఆరిపోయింది. అక్క మీట నొక్కుతూనే ఉంది. టిక్... టిక్... ఎక్కణ్ణుంచో తడిమట్టి వాసన వచ్చింది. దీపం వెలిగేసరికి ఆ చెయ్యి భుజం మీద లేదు. మెడ మీదికి వచ్చింది.

"కదలకు," అక్క గుసగుసగా అంది. "అది... జరుగుతోంది."

మళ్ళీ చీకటి. చల్లటి వేళ్ళు గొంతుకు తగిలాయి. టీచరమ్మకు భయం వేసింది, అబద్ధమెందుకు. కానీ భయం వెనకే ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళూ మనుషులు ముట్టుకోకుండా చంపారు. ఇప్పుడు మనిషి కానిది ముట్టుకుని చంపుతుందా?

తెల్లబడ్డ చేత్తో ఆ వేళ్ళను ఒడిసిపట్టింది. అవి మెలితిరిగి ఆమె మణికట్టును చుట్టుకున్నాయి. ఆమె వదల్లేదు.

"నా ఒంటి మీద పెత్తనం నాది. మధ్యలో నువ్వెవరు?"

మునిగేవాణ్ణి గట్టుకు లాగినట్టు బలంగా లాగింది. చీకట్లో ఎవరో మూలిగారు. ఆ గొంతు అక్కది కాదు.

అక్క తడుముకుంటూ వెళ్ళి పరదాలు లాగేసింది. గదినిండా ఎండ. ఉన్నది ఇద్దరే. టీచరమ్మ భుజం మీద, మెడ మీద ఏమీ లేదు.

"పోయిందక్కా! పాకడం లేదని డాక్టర్ని రాసిమ్మను."

అక్క టీచరమ్మ మణికట్టునే చూస్తోంది. ఏళ్ళుగా తెల్లగా ఉన్న ఆ చర్మం మీద అయిదు వేళ్ళ మేర రంగు వచ్చింది. ఆ రంగు టీచరమ్మది కాదు. ఇంకెవరిదో.

"పరదా దించక్కా."

"వద్దమ్మా..."

"దించు. అంచులు చూడాలి."

దీపం వెలిగింది. అయిదింటి అంచులూ మసగ్గా చెదిరి ఉన్నాయి. టీచరమ్మ చాలాసేపు చూసింది.

"పాకితే పాకనీ," అంది చివరికి. "రేపు దాన్ని నాతోపాటు నీళ్ళలోకి దిగమను. ఎవరికి ఊపిరి ఎక్కువుందో తేల్చుకుంటాం."

మణికట్టు మీద పట్టు కొంచెం బిగిసింది.