ఇరవై అయిదు డిగ్రీల లెక్క

"లెక్క తప్పితే పెట్టె పడేది నా నెత్తిమీదే, మేరీ మేడమ్!" అన్నాడు ప్రేమ్‌సాగర్.

"పడితే పెట్టెకే దెబ్బ," అంది మేరీరాణి.

కలకత్తా పక్కన లిలువాలో త్రీడీ ప్రింటింగ్ షాపులో నైట్ షిఫ్టు చేసే ప్రేమ్‌సాగర్, మంచం పైన అటకబల్లకి ప్లాస్టిక్ బ్రాకెట్లు తనే అచ్చుపోసుకున్నాడు. బరువుకి ప్లాస్టిక్ ఎలా వంగుతుందో కంప్యూటర్‌లో లెక్కకట్టడమే మేరీరాణి పీహెచ్‌డీ. ఏళ్లపాటు ఆగుతాయని ఆమే చెప్పింది. అతను నమ్మి వాళ్లమ్మ ఇనప్పెట్టెని బల్ల ఎక్కించాడు.

మే నెల మధ్యాహ్నం. ల్యాబ్ ఏసీకి చలేసి శాలువా కప్పుకుంటుండగా మేరీరాణికి తట్టింది. లెక్క కట్టింది ఇరవై అయిదు డిగ్రీలకి. సాగర్ వాళ్లది రేకుల ఇల్లు!

ఆ చోట యాభై అయిదు కొట్టింది. స్క్రీన్ మీద గీత ఒక్కసారిగా కిందికి వాలింది. ఏళ్లలో వంగాల్సింది ఒక్క పూటలో వంగుతుంది.

సాగర్ ఫోన్ మోగుతోంది, ఎత్తడం లేదు. డ్యూటీ నుంచొచ్చి ఆ మంచం మీదే పడుకుని ఉంటాడు.

హౌరాలో లోకల్ ఎక్కింది. రామరాజాతలా స్టేషన్ దగ్గర సిగ్నల్ లేక రైలు ఆగిపోయింది.

"కీ హోలో, దీదీ? కాఁద్‌ఛేన్ కేనో?" అని పక్కావిడ బెంగాలీలో అడిగేదాకా తను ఏడుస్తున్నట్టే ఆమెకి తెలియలేదు.

సంత్రాగాఛిలో ఇంటి గుమ్మంలో సాగర్ తల్లి అప్పలకొండమ్మ తోటకూర ఒలుస్తోంది.

"ఏటమ్మా, ఇంత ఎండలో వచ్చినావు?"

"అత్తా, సాగర్?"

"తొంగున్నాడు. లేపకు!"

మేరీరాణి లోపలికి పరిగెత్తింది. బ్రాకెట్లు మైనంలా వాలిపోయాయి. ఇనప్పెట్టె చప్పుడు లేకుండా అంచుకి జారుతోంది. అతని చీలమండలు రెండూ పట్టుకుని బలంకొద్దీ లాగింది. సాగర్ దబ్బున నేలమీద పడ్డాడు. పెట్టె వచ్చి దిండు మీద పడి మంచంపట్టె పగిలింది.

"ఏటే ఇది, నడుం ఇరగ్గొట్టినావు!" అంటూ లేవబోయిన సాగర్, దిండు మీద పెట్టెని చూసి అక్కడే కూలబడ్డాడు.

"తప్పు నాదే. ఏసీలో కూర్చుని మీ రేకుల వేడి మరిచిపోయాను. నీకేమైనా అయితే నేను..."

"నువ్వు?"

"బతకలేను. చాలా?"

సాగర్ మొహంలోంచి నిద్ర, భయం రెండూ ఎగిరిపోయాయి.

అప్పలకొండమ్మ పగిలిన మంచంపట్టెని చూసింది. కొడుకుని చూసింది. కొంగుతో కళ్లొత్తుకుంది.

"ఆదివారం మీ అమ్మానాన్నల్ని తీసుకురా, మాటాడాల. ఇంక ఆ కాళ్లొగ్గీయమ్మా, ఎక్కడికీ పోడు."

మేరీరాణి వదలాలనే అనుకుంది. వేళ్లు మాట వినలేదు.