పట్టు పోగు దాటని పగడం

మగ్గం చప్పుడు అప్పుడే మొదలైంది. అత్తిమంజేరిపేటలోని ఆ నేతింట్లో, కిటికీ కింది గాజుతొట్టి ముందు కూర్చున్న రాజామణికి పొద్దున్నే ఒళ్ళు మండిపోయింది. తొట్టి నీళ్ళలో తులసాకు ఒకటి తేలుతోంది.

"అమ్మా! దీంట్లో చెయ్యి పెట్టిందెవురు?"

వంటింట్లోంచి కన్నియమ్మ తొంగిచూసింది. "ఏమే ఆ అరుపు? నేనెందుకు పెడతాను? నువ్వు చెప్పినకాణ్ణించి ఇత్తడి గరిటె గూడా ఆ పక్కకి తేలేదు గదా!"

తొట్టిలో ఉన్నది ప్రాణమున్న పగడం. తిరుత్తణి కాలేజీలో జువాలజీ చెప్పే మేడం రామేశ్వరం వైపు నుంచి తెచ్చి, రాజామణి ముచ్చట చూసి చిన్న కొమ్మ ఇచ్చింది. షణ్ముగం మామ నెలనెలా పులికాట్ దగ్గరి పళవేర్కాడు తీరం నుంచి క్యాన్లలో సముద్రపు నీళ్ళు బస్సులో తెచ్చిపెడుతున్నాడు. కరెంటు పోతే గాలి కోసం రాజామణి సైకిల్ పంపు కొట్టేది. ఎండ సరిచూసింది, ఉప్పు సరిచూసింది, సున్నపు తేట చుక్కచుక్కగా పోసింది. అయినా పగడం ఎదగలేదు సరికదా, అంచులు పాలిపోతున్నాయి.

ఆమె చదువంతా ఆ కొమ్మ మీదే ఆధారపడి ఉంది. సముద్రం ఒడ్డున పరంగిపేట కాలేజీకి పోయి సముద్రపు జీవుల గురించి చదువుతానన్నప్పుడు తండ్రి పచ్చయ్యప్ప ఇల్లదిరేలా నవ్వాడు. "పగడం మెళ్ళో ఏసుకుంటారు గానీ తొట్లో పెంచుతారా యాడైనా?" అన్నాడు. మగ్గం దగ్గరి పట్టు పోగు ఒకటి తెంచి కొమ్మకు చుట్టి ముడేశాడు. "ఆడికృత్తిక తిరణాల లోపల ఈ పోగును మింగి పెరగనీ, నిన్ను పంపిస్తా. లేకుంటే నోరు మూసుకోని మగ్గంలో కూచో."

ఆ రోజు నుంచి రాజామణి తండ్రితో మాట మానేసింది. ఆయనకు అన్నం కూడా తల్లి చేతే పెట్టించేది. ఆయన మాత్రం తక్కువా? ఇద్దరూ ఒకే అచ్చులో పోసిన మొండిఘటాలు.

ఇప్పుడు వీధిలో ఆడికృత్తిక కావళ్ళు తిరుత్తణి కొండకు పోవడం మొదలైంది. పోగు ఎక్కడిదక్కడే ఉంది.

రాజామణి తులసాకును తీసి చూసింది. ఆ ఇంట్లో పూజ చేసి తులసి ముట్టేది ఒక్కరే. విసురుగా మగ్గం దగ్గరికి పోయింది.

"ఇది నువ్వేసిందేనా?" ఇన్నాళ్ళకు తండ్రితో ఆమె అన్న మొదటి మాట అది.

పచ్చయ్యప్ప తలెత్తలేదు. "పనిలో ఉండాను. పో."

"పోను! నా పగడం చావాలనే గదా దాంట్లో ఏదో కలిపినావు? పందెం ఓడిపోతావని భయమా? నేను నాలుగక్షరాలు ఎక్కువ చదివితే నీ మగ్గం విరిగిపోతుందా?"

"ఏయ్!" ఆయన చేతిలోని పోగు కండె నాడెను విసిరికొట్టాడు. అది గోడకు తగిలి కింద పడింది. "ఎవుర్ని అంటా ఉండావు ఆ మాట?"

కన్నియమ్మ పరుగెత్తుకొచ్చింది. "నాయన్ని పట్టుకోని అట్లా అంటావంటే?"

"నువ్వుండమ్మా! ఆయన్నే చెప్పనీ. ఏం పోసినావు దాంట్లో?"

"తీర్థం పోసినా!" పచ్చయ్యప్ప గట్టిగా అరిచాడు. "దినామూ పూజ అయినాక రాగిచెంబులోంచి ఒక ఉద్ధరిణెడు పోసినా. కోపంలో పందెం కట్టినా, ఆ పొద్దు నుంచి నాకు నిద్ర లేదు. అన్న మాట ఎనక్కి తీసుకోను నోరు రాలా. పెరుమాళ్ళా, ఈ పోగును దాటించు సామీ, నా బిడ్డ పోయి చదువుకోనీ అని పోసినా. సాలునా?"

రాజామణి చేతిలోని తులసాకు వైపు చూసింది. రాగిచెంబు! పగడానికి రాగి విషమన్నది మేడం మొట్టమొదట చెప్పిన మాట. దాన్ని ఆమె అమ్మకు చెప్పింది, మామకు చెప్పింది, మజ్జిగ కోసం వచ్చే పక్కింటావిడకూ చెప్పింది. నాన్నకు తప్ప అందరికీ చెప్పింది.

"దానికి రాగి పడదు నాయనా," అంది నీరసంగా. "అదే చంపతా ఉండేది."

పచ్చయ్యప్ప ముఖం నల్లబడింది. "నాకెవురూ చెప్పలేదే!"

"నీతో మాట్లాడేదే లేదని నేనే చెప్పలా."

"దరిద్రపుదానా! రాగి పొయ్యొద్దు నాయనా అని ఒక్క మాట అంటే నోరు అరిగిపోతుందా?"

"నువ్వు మాత్రం పోసేముందు ఒక్క మాట అడిగినావా?"

పచ్చయ్యప్ప మగ్గంలోంచి లేచి తొట్టి దగ్గరికి పోయి గొంతుక్కూర్చున్నాడు. నీళ్ళలోకి చెయ్యి పెట్టబోయి ఆగి, "పెట్టచ్చునా?" అని అడిగాడు. ఆమె తలూపింది. దారాల మీద అరిగిన వేళ్ళతో ముడి విప్పి, పోగును బయటికి లాగి పారేశాడు.

"పోయి చదువుకో. ఈ పందెం చెల్లదు." కోపం ఇంకా తగ్గలేదు ఆ గొంతులో. "నీళ్ళు మారిస్తే బతుకుతుందా ఇది?"

"తెలీదు. అడుగున ఇంకా కొంచెం ప్రాణముంది."

పచ్చయ్యప్ప తుండు భుజాన వేసుకుని మూలనున్న రెండు క్యాన్లూ అందుకున్నాడు. "పళవేర్కాడుకు బస్సు యాడ మారాల?"

"పొన్నేరిలో..." అంటూనే ఆమె బావురుమంది.

"ఇంకా నాకు చెప్పనివి ఏమేం ఉండాయో అన్నీ ఇప్పుడే చెప్పు," అన్నాడాయన గడప దగ్గర నిలబడి, తన కళ్ళు కూడా తుండుతో తుడుచుకుంటూ. "ఏడస్తా చెప్తే నాకర్థం కాదు. తిట్టుకుంటానే చెప్పు."