వెంకటలక్ష్మి బొటనవేలు

ఆదివారం పొద్దున వెంకటలక్ష్మి బొరుగుల ఉగ్గానికి తిరగమాత పెడుతుంటే పొయ్యి పక్కనున్న ఫోను టింగుమంది. ధర్మవరం నుంచి చెల్లెలు మాధవీలత ఏదో వీడియో పంపింది. వెంకటలక్ష్మి చెయ్యి కొంగుకు తుడుచుకుని బొటనవేలు పెట్టింది. తెర ఒక్కసారి అదిరి ఊరుకుంది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ అదే. ఈసారి ఊపిరి బిగబట్టి అదిమింది. లాభం లేదు, నంబర్లు కొట్టమంది ఫోను.

"దీని మొహం మండ! సొంత మనిషినే గుర్తు పట్టదు," అని తిట్టి, కండ్లద్దాల కోసం ఇల్లంతా వెతికింది. ఫోనుకే కాదు, రేషన్ అంగట్లో మిషనుకూ ఆమె వేలంటే పడదు. నలుగురిలో నిలబడి పదిసార్లు వేలు తుడుచుకుని, ఊది, మళ్ళీ పెట్టి, చివరికి తలవంచుకుని వెనక్కి రావడం ఆమెకు అలవాటైపోయింది. మొగుడు పాండురంగ హిందూపురం బస్టాండు దగ్గర ఫోన్ల అంగడి నడుపుతాడు. ఊరంతటికీ ఫోన్లు అమ్మే మనిషి పెళ్ళానికి ఫోను తెరుచుకోకపోవడం ఆయనకు నవ్వులాట. "నీ మొహం దానికి నచ్చలేదులే," అంటాడు.

అద్దాలు దొరికాయి. వీడియో తెరిస్తే అందులో పాండురంగే! అంగట్లో కుర్చీలో వెనక్కి వాలి, పెళ్ళికొడుకులా నవ్వుతున్నాడు. వీడియో తీసింది మనోజ్. ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో పని చేస్తాడు, సెలవుల్లో ఫోన్ల గురించి వీడియోలు పెడుతుంటాడు.

"అన్నా, పెద్ద పెద్ద కంపెనీలు ఏటేటా కొత్త ఫోన్ అంటాయి గదా. నిజంగా కొత్తేమన్నా ఉంటాదా?" అని అడిగాడు మనోజ్.

"యాడి కొత్త అబ్బా! పాత చింతకాయ పచ్చడికే మళ్ళీ తిరగమాత. ఒకడు వెనక మూడు కండ్లు పెడితే ఇంకొకడు నాలుగు పెడతాడు. ఒకడు మూలలు గుండ్రంగా చేస్తే ఇంకొకడు చదరంగా చేస్తాడు. అప్పుడెప్పుడో తెర మీద వేలితో తోసే ఫోన్ వచ్చింది చూడు, కొత్తంటే అదీ! ఆ తర్వాతిదంతా మెరుగు పెట్టుకునేదే."

వెంకటలక్ష్మికి నవ్వొచ్చింది. మనిషి మాటకారి, అందులో అనుమానం లేదు. కానీ ఆయన అక్కడితో ఆగితే ఆయన పాండురంగ ఎందుకవుతాడు?

"నా మాట నమ్మొద్దులే. నా కూతురే బెంగళూరులో అట్లాంటి కంపెనీలో ఇంజనీరు. రెండేండ్లుగా గుంపంతా కూర్చొని ఏం చేస్తాండారనుకున్నావ్? వేలిముద్ర పెట్టే చోటు ఉండాదే, దాన్ని సవరిస్తాండారు! రాబోయే ఫోన్లో అదే గొప్పంట!" అని పడి పడి నవ్వాడు.

పోయిన నెల కూతురు పూర్ణిమ అన్నం తింటూ తండ్రి చెవిన వేసిన మాట అది. "బయట అనొద్దు నాయనా," అని మరీ మరీ చెప్పింది. ఉగ్గాని మాడు వాసన వచ్చేదాకా వెంకటలక్ష్మికి పొయ్యి సంగతి గుర్తు రాలేదు.

అంతలోనే గేటు చప్పుడైంది. భుజాన సంచితో పూర్ణిమ! మొహం పీక్కుపోయి ఉంది.

"నాయన యాడ?"

"అంగడికి పోయినాడు. ఏమే, ఈ పొద్దే వచ్చినావు? మొహం కడుక్కో, ఫస్టు కాఫీ..."

"వీడియో చూసినావా అమ్మా?"

వెంకటలక్ష్మి తలూపింది. పూర్ణిమ కూలబడినట్టు పీట మీద కూర్చుంది. "బయటికి రాని ఫోన్ గురించి ఒక్క ముక్క కూడా బయట అనబోమని సంతకం పెట్టి చేరినామమ్మా అందరం. ఆఫీసోళ్ళు రాత్రే వీడియో చూసినారు. రేపు పొద్దున వచ్చి జవాబు చెప్పమన్నారు. ఉంచుతారో తీసేస్తారో తెలీదు."

మొగుడికి తెలియని సంగతి ఒకటి వెంకటలక్ష్మికి తెలుసు. పోయిన దసరా సెలవుల్లో పూర్ణిమ ఆఫీసువాళ్ళిద్దరితో ధర్మవరం వచ్చింది. మాధవీలత ఇంట్లో మగ్గాల ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి, చిన్న పెట్టె మీద బొటనవేళ్ళు పెట్టించింది. పొడి చేత్తో, తడి చేత్తో, బూడిద చేత్తో. వెంకటలక్ష్మి కూడా పెట్టింది. "ఎందుకే ఇది?" అంటే, "అడగొద్దమ్మా, ఎవరికీ చెప్పొద్దు," అంది. ఆమె మళ్ళీ అడగలేదు, మొగుడికీ చెప్పలేదు. చెల్లెల్ని చూసొచ్చానని ఊరుకుంది.

మధ్యాహ్నం పాండురంగ ఈల వేసుకుంటూ అన్నానికి వచ్చి, కూతురి పక్కన కంచం ముందు కూర్చున్నాడు. "ఏం పాపా, చెప్పకుండా వచ్చినావే! వీడియో చూసినావా? నిజం చెప్పే అంగడి ఇదేనా అని కదిరి నుంచి ఇద్దరు వెదుక్కుంటా వచ్చినారు!"

"చూసినా నాయనా. మా ఆఫీసోళ్ళూ చూసినారు. రేపు నా ఉద్యోగం పోయినా పోతాది."

పాండురంగ మొహంలో భయం ఒక్క క్షణం కనబడింది. ఆ వెంటనే అది కోపమైపోయింది. ఆయనకు భయమేస్తే ఎప్పుడూ అంతే.

"నేనేమన్నా కంపెనీ పేరు చెప్పినానా?"

"నీ కూతురు యా కంపెనీలో ఉండాదో ఊరంతా చాటింది నువ్వే గదా!"

"అబద్ధమైతే ఆడలేదే! నా అంగడి నిలబడిందే నిజం మీద!"

"నిజం కాదని నేనన్నానా?" అంది పూర్ణిమ. "ఆఫీసులో మేమూ అదే అనుకుంటాం. వేరే కంపెనీ వాళ్ళు చేసిందే మేమూ చేస్తాం, పోయిన యేడు చేసిందే ఈ యేడూ చేస్తాం. ఇంత చదివి ఇదా చేస్తాండేది అని నాకే ఒక్కోసారి సిగ్గేస్తాది. కానీ నువ్వు నవ్వినావు నాయనా. అంతమంది ముందర నా పనిని చూసి నవ్వినావు. ఉద్యోగం పోతే ఇంకొకటి వస్తాది. ఆ నవ్వు యాడికి పోతాది?"

"నవ్వక ఏడ్వల్లనా? యా దేశాన్ని ఉద్ధరించినారు ఆ వేలు చోటుతో? ఇదో చూడు!" జేబులోంచి ఫోను తీసి బొటనవేలు పెట్టాడు. ఠక్కున తెరుచుకుంది. "తెరుచుకుందా లేదా? దీనికి రెండేండ్లా?"

వెంకటలక్ష్మి వడ్డించే గంటె గిన్నెలో పడేసి, తన ఫోను తెచ్చి మొగుడి కంచం పక్కన పెట్టింది. "ఇప్పుడు నేను పెడతా చూడు."

వేలు పెట్టింది. తెర అదిరింది. తుడుచుకుని మళ్ళీ పెట్టింది. మళ్ళీ అదిరింది. ఇంకోసారి. పాండురంగ అలవాటు ప్రకారం నవ్వబోయాడు కానీ పెళ్ళాం కళ్ళు చూసి ఆగిపోయాడు.

"నీ వేలుకేమొచ్చిందే..."

"ఏమొచ్చిందో నీకు తెలీదా? మీ తాత మగ్గమోడే గదా?"

తెలియకేం, తెలుసు. మగ్గానికి ఎక్కించిన నిలువు పోగుల పడుగును అచ్చు అంటారు. ఒక అచ్చు చీరలు అయిపోతే, ఆ పాత పోగుల్ని తీసి పారేయరు. వాటి కొసలు మగ్గంలోనే వదిలి, కొత్త అచ్చు పోగుల్ని ఒక్కొక్కటే ఆ కొసలకు బూడిద అద్ది నులిమి అతుకుతారు. వేలకు వేల పోగులు, బొటనవేలితో, చూపుడువేలితో. ధర్మవరంలో అది ఎక్కువగా ఆడవాళ్ళ పని. వెంకటలక్ష్మి జడ వేసుకునే వయసు నుంచి ఆ పని చేసింది. పెళ్ళయ్యాక, పాండురంగ అంగడి కొత్తలో బేరాలు లేక ఈగలు తోలుకుంటున్నప్పుడు, పుట్టింటికి పోయి వారాల తరబడి అచ్చులు అతికింది. వేలి మీద గీతలు అప్పుడే అరిగిపోయాయి.

"నీ అంగడి నిజం మీద నిలబడిందంట! మొదట ఈ వేలు మీద నిలబడింది, మర్చిపోయినావు," అంది వెంకటలక్ష్మి. "కొత్త చీర, కొత్త చీర అని పెండ్లోళ్ళు మురిసిపోతారు. పాత కొసకు పోగు అతక్కుండా కొత్త చీర యాడ పుట్టింది? మేం అతికినామని ఎవరికీ తెలీదు. తెలీకపోతే పోనీ, మమ్మల్ని చూసి ఎవరూ నవ్వలేదు. పాపను చూసి నవ్వితే నన్ను చూసి నవ్వినట్టే."

పాండురంగ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మెల్లగా కూతురి వైపు తిరిగాడు. "పాపా... ఆ చోటు సవరించేది... మీ అమ్మట్లాంటోళ్ళ కోసమా?"

పూర్ణిమ తల ఎత్తలేదు. "ఏం అడగొద్దు నాయనా. నేను చెప్పకూడదు." అంటుండగానే కన్నీళ్ళు టపటపా కంచంలో పడ్డాయి. ఆయనకు అర్థమైంది.

మనోజ్‌కు ఫోను చేస్తే స్విచాఫ్. "ఫ్యాక్టరీలో ఉంటాడు. పోదాం పదండి," అని పాండురంగ చెయ్యి కడిగేసుకున్నాడు. ముగ్గురూ పెనుకొండ బస్సెక్కారు. దారి పొడుగునా పాండురంగ నోరు విప్పలేదు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన అంతసేపు మాట్లాడకుండా ఉండడం వెంకటలక్ష్మి చూడలేదు. తిట్టినా బాగుండు అనిపించింది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు, దాటిపోయిన మాటను బస్సెక్కి వెంబడిస్తే దొరుకుతుందా?

పెనుకొండ కొండ కనబడ్డాక దిగి, ఆటోలో ఎర్రమంచి పోయి, మనోజ్ ఉండే గది ముందు అరుగు మీద కూర్చున్నారు. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన మనోజ్ వీళ్ళను చూసి బిత్తరపోయాడు. పాండురంగ లేచి రెండు చేతులూ జోడించాడు. "ఆ వీడియో తీసేయప్పా. నాది నోటిదూల. దానికి నా బిడ్డ బలైపోతాంది."

"అయ్యో, చేతులు జోడించొద్దన్నా!" మనోజ్ అక్కడే, వాళ్ళ కళ్ళ ముందే తీసేశాడు. "కానీ అన్నా, అప్పుడే చానామంది పంచుకున్నారు. అవన్నీ నా చేతిలో ల్యావు."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే ఉంది. అయినా ఏదో ఒకటి చేశామన్న ఊరటతో పెనుకొండ స్టేషన్లో బెంగళూరు రైలెక్కారు. హిందూపురం దగ్గర పడుతుండగా పాండురంగ, "నేనూ వస్తా పాపా. మీ పెద్దోళ్ళ కాళ్ళు పట్టుకుంటా," అన్నాడు.

"ఆడ కాళ్ళు పట్టుకునే పద్ధతి లేదు నాయనా. నువ్వేం మాట్లాడకుండా ఉంటే చాలు."

కోపంగా అనలేదు, అలసిపోయి అంది. పాండురంగకు అదే ఎక్కువ తగిలింది. హిందూపురంలో మొగుడూ పెళ్ళాం దిగిపోయారు. రైలు కదిలి కిటికీలో పూర్ణిమ మొహం కనబడకుండా పోయేదాకా నిలబడ్డారు.

మర్నాడు వెంకటలక్ష్మి పాలు పొంగిపోనిచ్చింది, పప్పులో రెండుసార్లు ఉప్పేసింది. పాండురంగ అంగడి తెరవలేదు. ఇద్దరి మధ్యా నేల మీద ఫోను. ఎవరో రీచార్జి కోసం చేస్తే ఇద్దరూ ఒకేసారి ఉలిక్కిపడ్డారు. ఎండ వాకిట్లోకొచ్చాక పూర్ణిమ ఫోను చేసింది.

"ఉద్యోగం ఉండాదమ్మా."

"నా తల్లే! కదిరి నరసింహసామీ!"

"కానీ ఆ పనిలోంచి తీసేసినారు. ఇంక కొంచెమే ఉండాది. మిగిలింది వేరేవాళ్ళు చేస్తారు." ఆ వెంటనే, "పోనీలే," అంది. ఆ పోనీలేలో ఎంత ఏడుపుందో తల్లికి తెలియదా? పక్కనే వింటున్న పాండురంగ లేచి పోయి గడప మీద కూర్చుని, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

వానలు మొదలయ్యాక పూర్ణిమ కంపెనీ కొత్త ఫోను అంగళ్ళలోకి వచ్చింది. వెంకటలక్ష్మి క్యారియర్ తీసుకుని, వానకు తడుస్తూ అంగడికి పోయేసరికి పాండురంగ చేతిలో అదే ఉంది. ఎదురుగా పక్క మెడికల్ షాపు హరి నిలబడి ఉన్నాడు.

"ఇట్ల రా," అని పాండురంగ పెళ్ళాం చెయ్యి పట్టుకుని, ముందు ఆమె బొటనవేలిని మళ్ళీ మళ్ళీ అద్దించి ఫోనుకు గుర్తు నేర్పించాడు. తెర ఆర్పేశాడు. "ఇప్పుడు పెట్టు."

"చెయ్యి తడిగా ఉండాది..."

"ఉండనీ. పెట్టు."

పెట్టింది. అదిరే తెర కోసం కాచుకుని ఉంది. అదరలేదు. తెరుచుకుంది! పొయ్యి తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కుంది వెంకటలక్ష్మి. మళ్ళీ పెట్టింది. మళ్ళీ తెరుచుకుంది.

"నన్ను... గుర్తు పట్టింది," అంది చిన్నపిల్లలా.

"ఏం పాండురంగన్నా, దీంట్లో కొత్తేముండాదప్పా?" అన్నాడు హరి.

పాండురంగ నోరు తెరిచాడు. నా కూతురు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి ఉంటుంది, పెళ్ళానికి కనబడుతూనే ఉంది. గుటక వేశాడు. "ఏం ల్యా హరీ. కొంచెం మెరుగు పెట్టినారు," అని తల తిప్పుకుని, పూర్ణిమకు ఫోను చేసి స్పీకర్ పెట్టాడు.

"పాపా... మీ అమ్మ వేలు పట్టింది. తడి చెయ్యే పట్టింది."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "ఎవరికన్నా చెప్పినావా నాయనా, అది నేను చేసిన పనని?"

"ల్యా తల్లీ. నోటిదాకా వచ్చింది. మింగేసినా."

ఏడుస్తూనే నవ్వింది పూర్ణిమ. "ఇంక చెప్పొచ్చు నాయనా. ఫోను బయటికొచ్చేసింది గదా."

పాండురంగ హరి వైపు తిరిగాడు. ఊరంతా మోగే ఆ గొంతు పెగల్లేదు. కళ్ళు ధారలు కడుతున్నాయి. రెండుసార్లు ప్రయత్నించి, దిక్కుతోచక పెళ్ళాం వైపు చూశాడు.

వెంకటలక్ష్మి బొటనవేలు కొంగుకు తుడుచుకుంది.

"ఇది మా పాప అతికింది హరీ," అంది.